తారు మీద కాలిన మచ్చలు

దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవు నుంచి జొహన్నెస్‌బర్గ్‌కి వెళ్లే హైవే పేరు ఎన్3. పొడవు దాదాపు 570 కిలోమీటర్లు. మన హైదరాబాద్ నుంచి విశాఖ కంటే కాస్త తక్కువే. కార్లో ఆరు గంటల ప్రయాణం. దారి పొడుగునా పచ్చటి కొండలు, మధ్యలో డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాలు, అక్కడక్కడా ఆవుల మందలు. టూరిస్టు పుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి.

ఆ పుస్తకాల్లో లేని సంగతి ఒకటుంది. ఈ రోడ్డు మీద పని పెట్టుకున్నవాళ్లు బయల్దేరే ముందు వాన పడుతుందా లేదా అని చూసుకోరు, వాట్సాప్ చూసుకుంటారు. 'ఫలానా తేదీ నుంచి నేషనల్ షట్‌డౌన్, ఒక్క లారీ కూడా కదలకూడదు' అని ఓ మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. పేరుండదు, సంతకం ఉండదు. చాలాసార్లు ఏమీ జరగదు. జరిగిన రోజున మాత్రం లారీలు తగలబడతాయి.

డర్బన్‌లో నాకు ఆతిథ్యం ఇచ్చినాయన తెలుగు మూలాలున్న మనిషి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ కూలీలతో ఇక్కడికి వచ్చింది. ఆ తర్వాత 1911 దాకా ఓడలు వస్తూనే ఉన్నాయి. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు వేలల్లో దిగారు చెరకు తోటల్లో పని చెయ్యడానికి. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మా ఆతిథేయికి తెలుగులో వచ్చినవి ఓ ఇరవై మాటలు. 'అమ్మ, తాత, పులుసు, దండం' వాటిలో కొన్ని. మిగతాదంతా డర్బన్ ఇంగ్లీషు. ఆయనకి నాలుగు లారీలుండేవి. ఇప్పుడు మూడున్నాయి.

"నాలుగోది ఏమైందండీ?" అన్నాను.

"రేపు దారిలో చూపిస్తాను" అన్నాడు.

సమ్మె అనే మాటకి ఈ ఊళ్లో ఎంత గౌరవం ఉందో తెలిస్తే గానీ ఆయన బాధ అర్థం కాదు. 1913లో మూడు పౌన్ల తలపన్నుకి వ్యతిరేకంగా ఈ నాటాల్‌లోనే బొగ్గు గనుల కూలీలు పని మానేసి గాంధీ వెంట నడిచారు. ఆ సమ్మె తీరంలోని చెరకు తోటలకీ పాకింది. మరుసటేడు ఆ పన్ను రద్దయింది. (అప్పుడూ కొన్నిచోట్ల చెరకు తోటలు తగలబడ్డాయి, పోలీసులు కాల్చారు. అంతా శాంతంగా జరిగిందని మన పాఠాల్లో చదువుకున్నాం గానీ, పూర్తిగా అలా ఏం కాదు.) మళ్లీ 1973లో ఇదే డర్బన్‌లో ఒక ఇటుకల ఫ్యాక్టరీ కార్మికులు గేటు బయటికొచ్చి నిలబడితే, నెలల్లో అరవై వేల మందికి పైగా వాళ్ల వెనక చేరారు. నల్లవాళ్ల యూనియన్లకి చట్టంలో చోటే లేని రోజులవి. వర్ణవివక్ష ప్రభుత్వానికి మొదటిసారి చెమటలు పట్టింది అప్పుడే అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. సమ్మె హక్కుని ఇప్పుడు రాజ్యాంగంలోనే రాసుకున్నారు. మా ఆతిథేయి తండ్రి 73 సమ్మెలో ఉన్నవాడట. కొడుకేమో ఇప్పుడు 'స్ట్రైక్' అన్న మాట వింటేనే ఫోను తిరగేసి పెట్టేస్తున్నాడు.

పొద్దున్నే బయల్దేరాం. మరియన్‌హిల్ టోల్ గేటు దాటగానే ఎక్కుడు మొదలు. సముద్ర మట్టం నుంచి మొదలైన రోడ్డు ముందు ముందు పదహారు వందల మీటర్లు దాటాలి. పీటర్‌మారిట్జ్‌బర్గ్ వచ్చింది. 1893లో గాంధీని రైల్లోంచి దింపేసిన ఊరు. ఆ తర్వాత హొవిక్. 1962లో మండేలాని పట్టుకున్న చోటు ఆ పక్కనే. రెండింటికీ బోర్డులున్నాయి. మావాడు రెండు చోట్లా కారు ఆపలేదు. ఆయన ఆపాలనుకున్నది మూయ్ రివర్ దగ్గర.

'మూయ్' అంటే ఆఫ్రికాన్స్ భాషలో 'అందమైన' అని. నిజంగానే అందమైన ఏరు, పాడి రైతుల ఊరు. ఒకప్పుడు ఓ బట్టల మిల్లు ఊరంతటికీ అన్నం పెట్టేది. అది మూతపడ్డాక మిగిలింది హైవే, టోల్ గేటు. 2018 ఏప్రిల్ చివర్లో ఒక రాత్రి ఆ టోల్ గేటు దగ్గరే లారీలని ఆపారు. ఇరవైకి పైగా లారీలు కాలిపోయాయి. సరుకు లూటీ అయింది. పోలీసులు యాభై మందికి పైగా పట్టుకెళ్లారు. ఎందుకంటే, విదేశీ డ్రైవర్లని పనిలో పెట్టుకుంటున్నారని. ఆ కోపం డ్రైవర్లది. లూటీలో చేతులు కలిపినవాళ్లలో ఊళ్లో పనిలేనివాళ్లూ ఉన్నారు.

టోల్ గేటు దాటాక కారు పక్కకి తీసి ఎడమవైపు చూపించాడు. తారు కొత్తగా వేసిన చోట నలుపు వేరుగా, నిగనిగలాడుతూ ఉంది. దాని అంచున పాత తారు కరిగి గడ్డకట్టి, బూరెల మూకుడు అడుగున మాడిన మడ్డిలా ఉంది. "నా నాలుగో బండి" అన్నాడు. 2021 జూలైలో మాజీ అధ్యక్షుడు జేకబ్ జూమా జైలుకెళ్లినప్పుడు చెలరేగిన అల్లర్లు కూడా మొదట రాజుకున్నది ఈ రోడ్డు మీదే, కాలినవి లారీలే. ఆ అల్లర్లలో 350 మందికి పైగా చనిపోయారు. అప్పుడు పోయిందట ఆయన బండి. డ్రైవరు చీకట్లో పొలాలకి అడ్డంపడి పరుగెత్తి బతికాడు.

మామూలు ఇన్సూరెన్సు కంపెనీలు అల్లర్ల నష్టానికి పైసా ఇవ్వవు. దానికోసం సాస్రియా అని ప్రభుత్వ బీమా సంస్థ ఒకటుంది, దానికి విడిగా ప్రీమియం కట్టాలి. ఆయన కట్టాడు, డబ్బూ వచ్చింది. మరి కొత్త బండి ఎందుకు కొనలేదని అడిగితే, "కొని ఈ రోడ్డు మీదే కదా తిప్పాలి!" అన్నాడు.

మూయ్ రివర్‌లో టీ తాగిన చోట కౌంటర్ దగ్గరున్నామె మా మాటలు విని తనే కలగజేసుకుంది. రోడ్డు మూసేస్తే పాల ట్యాంకర్లు రావు, పాలు నేలపాలు. పాలకేంద్రంలో పనిచేసే వాళ్లాయనకి ఆ రోజు కూలీ ఉండదు. "డ్రైవర్లకి జీతాలు పెరగాలంటే నేను కాదంటానా? మరి మా ఆయన జీతం ఎవరు తగలబెట్టారు?" అంది. జులూ యాసలో ఇంగ్లీషు, గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువ. దారి పొడుగునా నాకు వినపడింది ఆ విసుగే. ఎవరూ సమ్మెని తిట్టలేదు. నిప్పు పెట్టింది ఎవరో చెప్పరేం అన్నదే అందరి గొడవ.

2012లో అలా లేదు. అప్పుడు జరిగింది అచ్చంగా సమ్మె. యూనియన్లకి పేర్లున్నాయి, డిమాండు ఉంది, ఏడాదికి 12 శాతం జీతం పెంచమన్నారు. ఇరవై వేల మందికి పైగా డ్రైవర్లు దాదాపు మూడు వారాలు పని ఆపేశారు. పెట్రోలు బంకులు ఎండిపోయాయి. అప్పుడూ పనిలోకొచ్చిన డ్రైవర్ల మీద రాళ్లు పడ్డాయి, లారీలు కాలాయి. అది తప్పే. కానీ బేరం ఆడటానికి బల్లకి అటో మనిషి, ఇటో మనిషి ఉన్నారు, ఒప్పందం కుదిరింది, బళ్లు కదిలాయి. ఆ తర్వాత వచ్చిన మంటలకి అలాంటి బల్ల లేదు. విదేశీ డ్రైవర్లు వద్దని గట్టిగా అడిగే సంఘం ఒకటుంది, ఆల్ ట్రక్ డ్రైవర్స్ ఫోరం అని. నిప్పు మాత్రం మేం పెట్టలేదంటుంది. మరి పెట్టిందెవరు? సమాధానం లేదు.

మన దగ్గర లారీల సమ్మె అంటే ఎక్కువగా ఓనర్లది. డీజిలు రేటు, టోలు, ఇన్సూరెన్సు ప్రీమియం అని బళ్లు ఆపేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో వరసగా నిలబెట్టిన లారీల కింద చాపేసుకుని పేకాడుకునే డ్రైవర్లని చూస్తూ పెరిగాం. 2024 జనవరిలో హిట్ అండ్ రన్ చట్టం మీద డ్రైవర్లే కదిలినప్పుడు హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు కట్టి తిట్టుకున్నాం కూడా. ఇక్కడ లెక్క వేరు. డ్రైవరు కోపం ఓనరు మీద మొదలవుతుంది, వెళ్లి పడేది మాత్రం పక్క దేశం డ్రైవరు మీద.

రోడ్ ఫ్రైట్ అసోసియేషన్ లెక్కల ఆధారంగా హ్యూమన్ రైట్స్ వాచ్ 2019 ఆగస్టులో ఒక సంగతి బయటపెట్టింది. అంతకుముందు ఏడాది మార్చి నుంచి ఈ రోడ్ల మీద 200 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది విదేశీ డ్రైవర్లు. ఆ సంఖ్య చదివాక కాలిన లారీల లెక్క చిన్నదైపోతుంది.

ఎస్ట్‌కోర్ట్ దాటాక దూరంగా కొండలు గోడలా లేచాయి. వాన్ రీనెన్ కనుమ. మన శ్రీశైలం ఘాట్‌లా మెలికలుండవు. వెడల్పాటి రోడ్డే. కానీ నిండు లోడుతో ఎక్కే లారీ నడిచే మనిషి వేగానికి వచ్చేస్తుంది. డ్రైవరు బండి ఆపక్కర్లేదు, పక్కన నడుస్తూ తలుపు లాగొచ్చు. ఇక్కడ వాడే కిటుకు కూడా అదే. లారీని అడ్డంగా తిప్పించి, తాళంచెవి లాక్కుని కొండ కిందికి విసిరేస్తారు. నాలుగు బళ్లు చాలు, దేశం ఆగిపోతుంది. 2022 జూన్‌లో ఇలాగే లారీలు అడ్డంపెట్టి మూసేశారు. 2023 జూలైలో ఒక రాత్రి ఆరు లారీలు ఇక్కడ కాలాయి. ఆ వారంలోనే నాలుగు రాష్ట్రాల్లో కలిపి ఆ లెక్క ఇరవై దాటింది. ఇది సమ్మె అని ఎవరూ ప్రకటించలేదు.

కనుమ ఎక్కితే ఫ్రీ స్టేట్ రాష్ట్రం. హ్యారీస్మిత్ ఊరి బయట లారీలాగే పెద్ద స్టాండు ఉంది. వందల బళ్లు. గ్యాస్ స్టవ్‌ల మీద మొక్కజొన్న పిండితో సంకటి లాంటి 'పాప్' ఉడుకుతోంది. వాసన అచ్చం మన జొన్న సంకటిదే. బులవాయో నుంచి వచ్చిన జింబాబ్వే డ్రైవరు ఒకతను నాతో మాట్లాడాడు గానీ, ఫొటో వద్దన్నాడు. పదమూడేళ్ల సర్వీసట. జింబాబ్వే వాళ్లకిచ్చే ప్రత్యేక పర్మిట్ ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి సన్ వైజర్ వెనక దాచాడు.

"పర్మిట్ పోలీసుకి చూపిస్తాం. చీకట్లో టార్చి వేసేవాడు చదవడు" అన్నాడు.

రాత్రిపూట కనుమ దిగడం మానేశాడు. ఓనరు డెలివరీ టైము గుర్తు చేస్తాడు, ఇతను బండిలో ఏదో రిపేరని చెప్తాడు. పక్క బండి డ్రైవరు ఇక్కడివాడే, జులూ మనిషి. ఇద్దరూ ఒకే గిన్నెలో తింటున్నారు. అతన్నీ అడిగాను, విదేశీయులు వద్దంటారా అని. కాస్త ఆలోచించి చెప్పాడు. తన తమ్ముడికి హెవీ లైసెన్సు ఉంది, రెండేళ్లుగా పని లేదు. ఓనర్లు బయటివాళ్లనే తీసుకుంటున్నారు, వాళ్లయితే ఓవర్‌టైము అడగరని, బేరసారాల కౌన్సిల్ నిర్ణయించిన జీతం ఇవ్వకపోయినా ఫిర్యాదు చెయ్యరని. "ఇతని మీద నాకు కోపం లేదు. కానీ మా తమ్ముడికి ఏం చెప్పను?" అన్నాడు. జింబాబ్వే అతను తల దించుకుని తింటూనే ఉన్నాడు.

చట్టం ప్రకారం పర్మిట్ ఉన్న విదేశీయుడికీ అదే జీతం ఇవ్వాలి. ఆ ఒక్కటీ గట్టిగా అమలు చేస్తే బయటివాణ్ణి పెట్టుకుని మిగుల్చుకునేది ఉండదు. ఇన్ని మంటల్లో ఓనర్ల జీతాల రిజిస్టర్ల మీద ఎవరి టార్చీ పడకపోవడం నాకు వింతగా తోచింది. ఈ మాట మా ఆతిథేయి కారులోనే అన్నాను. ఆయనా ఓనరే కదా! కాసేపు మాట్లాడలేదు. "నా ముగ్గురు డ్రైవర్లూ ఇక్కడివాళ్లే" అన్నాడు చివరికి. జీతం సంగతి ఎత్తలేదు.

హ్యారీస్మిత్ తర్వాత అంతా మైదానం, మొక్కజొన్న చేలు, మూడు గంటల దారి. చెప్పుకోవడానికేం లేదు. జొహన్నెస్‌బర్గ్‌లో దిగేముందు నన్ను సిటీ డీప్ తీసుకెళ్లాడు. సముద్రం లేని ఊరికి ఇదే రేవు. డర్బన్‌లో దిగిన కంటైనర్లు ఇక్కడికి చేరాలి. రైలు పట్టాలు లోపలిదాకా ఉన్నాయి. ఒకప్పుడు ఈ బరువులో ఎక్కువ భాగం రైలే మోసేది. దేశం మొత్తం మీద 2017-18లో 22 కోట్ల టన్నులకి పైగా మోసిన సరుకు రైళ్లు, 2022-23 నాటికి 15 కోట్ల టన్నులకి పడిపోయాయి. రాగి తీగ దొంగలు, ఇంజన్ల కొరత, అవినీతి, అన్నీ కలిసి. ఆ బరువంతా రోడ్డెక్కింది. అందుకే నాలుగు లారీలు అడ్డంపెడితే దేశం ఆగిపోతోంది.

మేం చూస్తుండగా గేటు దగ్గర లారీల వరస వీధి మలుపు దాకా పెరిగింది. పట్టాల మీద బండేదీ లేదు. మా ఆతిథేయి ఫోను తీసి చూసుకున్నాడు. కొత్త మెసేజ్ ఒకటొచ్చింది, వచ్చే సోమవారం తేదీతో. దాన్ని ముగ్గురు డ్రైవర్లకీ పంపించి, సోమవారం బళ్లు తియ్యొద్దని కింద రాశాడు.