ఖాళీ అయిందన్న కబురు

ఆదివారం సాయంత్రం డిస్కు నిండిపోతోందని ఒక పాత ఫోల్డరు డిలీట్ చేశాను. అందులో నాన్న ఉన్నాడని మంగళవారం రాత్రి గుర్తొచ్చింది.

నా పాత ఫోన్‌లో కాల్స్ వాటంతటవే రికార్డయ్యేవి. నాన్న పోయాక ఆయనవి ఏరి, ఇంట్లో ఒక మూల నడుస్తుండే సర్వర్లో, ఒక వర్చువల్ మెషీన్‌లో పడేశాను. 37 కాల్స్. మూడేళ్లలో ఒక్కటీ వినలేదు. బ్యాకప్ లేదా అని అడక్కండి. బ్యాకప్ తీసుకోమని పదిమందికీ చెప్పే ఉద్యోగమే నాది.

అయినా మొదట కంగారు పడలేదు. డిలీట్ అంటే చెరిపేయడం కాదు కదా. ఈ బ్లాకులు ఖాళీ అని ఫైల్‌సిస్టమ్ తన పద్దులో రాసుకుంటుంది, అంతే. అద్దెకున్నవాళ్లు వెళ్లిపోయినా, కొత్తవాళ్లు దిగేదాకా గోడకి వాళ్ల క్యాలెండరు వేలాడుతూనే ఉంటుంది. వర్చువల్ మెషీన్‌లో అయితే ఇంకో తిరకాసు. లోపలి లినక్స్‌కి అది డిస్కు. బయటి లినక్స్‌కి అదొక పెద్ద ఫైలు. లోపల గది ఖాళీ అయిన సంగతి బయటున్న యజమానికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే లోపల సగం ఖాళీ అయినా బయట ఆ ఫైలు తగ్గదు.

ఆ కబురు పేరే డిస్కార్డ్. లినక్స్ కెర్నెల్లో వర్టయో బ్లాక్ డ్రైవరుకి అది చాలా ఆలస్యంగా, 2019లో, 5.0తో వచ్చింది. కబురు పొట్టిదే. ఒక్కో ఖాళీ జాగాకి 16 బైట్లు: ఎక్కడ మొదలు, ఎన్ని సెక్టార్లు, కాసిని ఫ్లాగులు.

ఈ డ్రైవరు చరిత్రలో నాకు ఇష్టమైన తప్పొకటుంది. వర్టయో స్పెసిఫికేషన్‌లో 'డిస్కార్డ్ సెక్టార్ అలైన్‌మెంట్' అని ఒక అంకె ఉంది. డ్రైవరు దాన్ని తీసుకెళ్లి కెర్నెల్లో 'డిస్కార్డ్ అలైన్‌మెంట్' అనే గడిలో పెట్టింది. పేర్లు కలిశాయి, అర్థాలు కలవలేదు. కెర్నెల్లో ఆ మాటకి అర్థం, కొలత ఎక్కడినుంచి మొదలవుతుందీ అని. స్పెసిఫికేషన్ చెప్తున్నది దాదాపుగా గ్రాన్యులారిటీ, అంటే కొలత ఎంత పెద్దదీ అని. 2022లో సరిదిద్దారు. అనువాదాల్లో ఇలాంటివి పట్టుకుని నేను పేజీలకి పేజీలు రాశాను (ఇద్దరు మిత్రులు మాట్లాడ్డం మానేశారు కూడా). ఇక్కడ కొద్ది లైన్లలో తేలిపోయింది.

ఈ గ్రాన్యులారిటీ గొడవ చిన్నదేం కాదు. అరచెయ్యంత జాగా ఖాళీ అయినప్పుడల్లా కబురు పంపిస్తే, పంపడానికే పొద్దంతా సరిపోతుంది. ఫలానా సైజుకి తక్కువైతే నాకు చెప్పొద్దు అని యజమాని ముందే అనొచ్చు. రెండువారాల క్రితం నేను చేసింది అదే. డిస్కార్డ్ ఆన్ చేసి, గ్రాన్యులారిటీ ఒక మెగాబైటు పెట్టాను. 180 జీబీ ఉన్న ఇమేజ్ ఫైలు 70కి దిగింది. ఆఫీసులో టీ దగ్గర గొప్పగా చెప్పుకున్నాను.

ఇంకొకటి. ఎఫ్‌స్ట్రిమ్ అనే ప్రోగ్రాము వారానికోసారి లేచి, పోగైన ఖాళీలన్నిటినీ ఒకేసారి బయటికి చెప్పేస్తుంది. టైమరు మామూలుగా సోమవారం అర్ధరాత్రికి ఉంటుంది. నేను డిలీట్ చేసింది ఆదివారం సాయంత్రం.

మెషీన్ ఆపేసి, ఇమేజ్ కాపీ తీసి, ఫోటోరెక్‌తో వెతికించాను. సున్నాలు. బయటి కెర్నెల్ ఫైల్లో ఆ మేరకి చిల్లు పొడిచింది. దాని పేరు నిజంగానే 'పంచ్ హోల్'. చిల్లులోంచి చదివితే సున్నాలే వస్తాయి. తిట్టుకుందామంటే ఎవర్ని తిట్టాలి? ప్రతి పొరా తన పని తాను చక్కగా చేసింది. ఇదే నెల క్రితం అయ్యుంటే, ఎవరికీ కబురు అందక, అన్నీ అక్కడే పడుండేవి.

తెల్లారుజామున ఒక్కటి దొరికింది. 412 కేబీ. మిగతా 36 పక్కపక్కనే ఉండి, పోయాక అంతా కలిసి పెద్ద ఖాళీ అయింది. ఇది మాత్రం ఎందుకో విడిగా, నేను తీసెయ్యని రెండు ఫైళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. మెగాబైటు లేదు కాబట్టి ఎఫ్‌స్ట్రిమ్ పట్టించుకోలేదు.

యాభై రెండు సెకన్లు. కరెంటు బిల్లు ఈసారి ఎక్కువ వచ్చిందనీ, మీటరు మార్పించాలేమోననీ నాన్న చెప్తున్నాడు. వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్నారు, అమ్మే అయ్యుంటుంది. నేను మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా అన్నాను. "సరేలే, మరి ఆ పక్కింటి..." అన్నాడు. అక్కడ ఆగిపోయింది.

ఫైలు చివర తెగిందేమోనని చూశాను. తెగలేదు. ఫైలు పూర్తిగానే ఉంది.