సరమ సంతతి

నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వమున, కథ ఇంకను పుంజుకొనకముందే, జనమేజయుని యాగశాల చెంత ఆడుకొనవచ్చిన యొక కుక్కపిల్లను అతని తమ్ములు నిష్కారణముగా కొట్టుటయు, అది ఏడ్చుచు పోయి తల్లియైన సరమతో మొరపెట్టుకొనుటయు, ఆ తల్లి వచ్చి రాజంతటివానిని నిలదీయుటయు మనము చదువుదుము. కథ ముగియవచ్చువేళ ధర్మరాజు వెంట స్వర్గద్వారము దాక నడచినదియు కుక్కయే. మనవారు ఈ రెండవ కథను చెప్పినంత యిష్టముగా మొదటిదానిని చెప్పరు; అందు తప్పు మనుష్యులది గదా!

కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడపకు పోవు రహదారిపై వేసవి మధ్యాహ్నమున నీడ యనునది మిక్కిలి అరుదైన సంపద. చెట్టు లేనిచోట నిలిచిన లారీ క్రిందనే నీడ; ఆ నీడకు చేరిన కూన నిదురపోవును; తోలువాడు భోజనము ముగించి బండి కదల్చును. మైదుకూరికి ఈవల ఒక హోటలుముందర నాకు కనబడిన రెండునెలల ఆడుకూనకు వెనుకకాలు ఈ విధముగనే విరిగినది. చూడవచ్చినవారిలో ఒకడు పసుపు అద్దుమనెను, ఒకడు పాలు పోయుమనెను, వేరొకడు జేబులోని పారాసిటమాలు బిళ్ల తీసి యిచ్చెను. మంచిమనసులే, సందేహము లేదు. కాని ఆ బిళ్ల కుక్కలకు ప్రాణాంతకము కాగలదు, గేదెపాలు పసికూనకు విరేచనములు తెప్పించును. బాధలోనున్న సాధుజంతువైనను కరచును గనుక మూతికి మెత్తనిగుడ్డ వదులుగా చుట్టి, అట్టముక్కపై కదలకుండ పండబెట్టి, ప్రొద్దుటూరికి కొనిపోయితిమి.

ఎక్సురే తీసిన వైద్యుడు, లేత యెముక గనుక పచ్చికొమ్మవలె సగము వంగి సగము విరిగినదనియు, మోకాటి క్రిందిది కావున కట్టుతోనే అతుకుననియు చెప్పెను. తొడయెముక యైనచో శస్త్రచికిత్స తప్పనిదట. కూన దినదినము పెరుగుచుండును. కట్టు మాత్రము పెరుగదు. అందుచేత వారమున కొకమారు దానిని విప్పి మరల కట్టవలెను. వ్రేళ్లకొసలు వెలికి కనబడునట్లు ఉంచి, వాపు గాని చల్లదనము గాని కలదేమో ప్రతిపూటయు తడిమి చూడవలెను. కట్టును కొరికివేయకుండ అడుగు కోసిన చిన్న ప్లాస్టిక్ బకెట్టును మెడకు తొడిగితిమి. ఆ కిరీటముతో అది గడపలకు, మంచపుకోళ్లకు తగులుకొనుచు ఇల్లంతయు ఏలినది. నెల తిరుగకముందే ఎముక అతికినది, కొంచెము కుంటు మిగిలినది.

ఎముక అతికించుటకు ప్రకృతి తోడ్పడినది. ఇల్లు వెదకుటకు తోడ్పడినవారు లేరు. వచ్చినవారందరి ప్రశ్నయు ఒక్కటే: "యా జాతి సామీ ఇది?" ఊరకుక్క యనగానే సగముమంది లేచిపోయిరి. మిగిలినవారు తోక యెత్తి చూచి, "ఆడదా? ఏటేటా పిల్లలు పెడ్తాది, యాడ సాకేది నాయనా!" అని నిట్టూర్చిరి. దట్టపుబొచ్చుతో శీతలదేశములందు పుట్టిన జాతులను తెచ్చి కర్నూలు మేనెలలో రొప్పించుటకు సిద్ధపడువారు, ఈ యెండకే అమరిన పొట్టిబొచ్చు కుక్కను కాదనుట నాకు నేటికిని అర్థము కాదు. ఇక పిల్లల భయమందురా, ఆరునెలలు నిండిన పిమ్మట శస్త్రచికిత్సతో అది తీరును. వీథికుక్కలకు సయితము దీనిని చేయవలెనని 2001లోను, మరల 2023లోను కేంద్రప్రభుత్వము నియమములు చేసినది.

తుదకు దువ్వూరు ప్రాంతమున కె.సి. కాలువక్రింద పసుపు పండించు ఒక ముసలమ్మ వచ్చినది. జాతి యడుగలేదు. కుంటు సంగతి నేనే చెప్పబోగా, "కాలు మాట యాల నాయనా, నా మోకాళ్లు మాత్రం సక్కగుండాయా?" అని కూనను కొంగున చుట్టుకొన్నది. మూడునెలలు నిండగానే రేబిస్ టీకా వేయించిన చీటి నేడు ఆమె రేషనుకార్డుతోపాటు ట్రంకుపెట్టెలో నున్నది.

ఈ దారిన పోవు లారీలవారికిని కార్లవారికిని నా మనవి యొక్కటే: ఎండవేళ బండి కదల్చుటకు ముందు ఒకమారు వంగి క్రింద చూడుడు, వంగలేనివారు హారను మ్రోగించి క్షణకాలము ఆగుడు.