క్లచ్ పట్టుకున్నావా?

ఎనిమిది నెలలపాటు మా అపార్ట్‌మెంట్ పార్కింగులో ఒక యెజ్డీ ముక్కలు ముక్కలుగా పడి ఉంది. ట్యాంకు ఒక మూల, ఫోర్కులు ఒక మూల, నట్లూ బోల్టులూ అమ్మ పచ్చళ్ల సీసాల్లో. బిల్డింగులో అందరూ ఏదో ఒకరోజు ఆగి చూశారు. వాచ్‌మన్ అయితే పాత ఇనుము కొనేవాణ్ని పిలవమంటారా అని కూడా అడిగాడు. ఒక్క మా నాన్న మాత్రం దాని వంక చూడలేదు. పాల ప్యాకెట్‌కి వెళ్తూ వస్తూ దాని పక్కనుంచే నడిచేవాడు. తల తిప్పేవాడు కాదు.

నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే ఆ బండి తెచ్చిందే ఆయన కోసం.

మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. రంగు వెలిసిపోయి నారింజ రంగులోకి తిరిగింది. 1984లో తీసింది. నాన్న యెజ్డీ మీద కూర్చుని ఉంటాడు. వెనక క్యారియర్‌కి తాడుతో కట్టిన ఒక రేకు పెట్టె. అప్పట్లో ఆయన చింతపల్లి ఏజెన్సీలో మలేరియా విభాగంలో పనిచేసేవాడు. గూడేలకు వెళ్లడం, జ్వరం ఉన్నవాళ్ల వేలు పొడిచి రక్తం చుక్క గాజు స్లైడు మీద తీసుకోవడం, క్లోరోక్విన్ మాత్రలు ఇవ్వడం, ఆ స్లైడ్లు ల్యాబ్‌కి చేర్చడం. ఆ పెట్టెలో ఉండేవి స్లైడ్లే. 1989లో అక్క స్కూల్ ఫీజు కోసం ఆ బండి అమ్మేశారని అమ్మ చెప్పేది. నేను అప్పటికి పుట్టలేదు. కానీ ఆ ఫీజు కథ వింటూనే పెరిగాను. ఉద్యోగం వచ్చి, చేతిలో బోనస్ పడగానే మొదట గుర్తొచ్చింది అదే.

నాన్న బండి నంబరు పట్టుకుని వెతికాను కానీ దొరకలేదు. తుని దగ్గర ఒక పల్లెలో, పశువుల పాకలో, 1983 మోడల్ రోడ్‌కింగ్ ఒకటి దొరికింది. సీటు మీద కోడి గుడ్లు పెట్టేది. ముప్పై ఎనిమిది వేలు. కోడిని మాత్రం ఇవ్వనన్నారు.

కాగితాల గోల గురించి ఒక్క మాట. పాత బండి కొనాలని సరదా ఉన్నవాళ్లు ముందు ఆర్సీ చూడండి, తర్వాతే ఇంజన్ చూడండి. 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. మనం ముద్దుగా వింటేజ్ అనుకుంటాం గానీ, 2021లో వచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటితేనే బండి వింటేజ్. నా బండి సర్కారు లెక్కలో ఇంకా వింటేజ్ కాదు, ఉత్త ముసలిది.

కంచరపాలెంలో ఒక మెకానిక్ ఉన్నాడు. అరవై దాటాయి, అందరూ బాబాయ్ అంటారు. షెడ్డు ముందు కొత్త బండ్లు ఎన్ని ఉన్నా ముట్టుకోడు. టూ స్ట్రోక్ వస్తే మాత్రం కుర్చీలోంచి లేస్తాడు. ఆయన చెప్పిందే నాకు తెలిసిన ఇంజనీరింగ్. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ కింద వేరేగా ఉంటుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలూ గాలీ క్రాంక్‌కేస్‌లోంచే పైకి వెళ్తాయి కాబట్టి అక్కడ ఆయిల్ నిలవ ఉంచడం కుదరదు. అందుకే పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. ఆ ఆయిల్ పెట్రోల్‌తో పాటు లోపలికి వెళ్లి, పనిచేసి, కాలి, వెనకనుంచి నీలం పొగగా పోతుంది. క్రాంక్ తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు. అందుకే ఆ ఊపు, అందుకే ఆ చప్పుడు. అందుకే ఆ పొగ కూడా.

ఇంజన్ విప్పితే సిలిండర్ అరిగిపోయి ఉంది. బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేశాం. కనెక్టింగ్ రాడ్ కిట్టు, బేరింగులు, క్రాంక్ ఆయిల్ సీళ్లు అన్నీ కొత్తవే. ఒకే సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు దీనికి. రెండింట్లోనూ నలభై ఏళ్ల మసి. కాస్టిక్ సోడా నీళ్లలో రెండు రోజులు నానబెడితే తారు లాంటి ముద్దలు ఊడి వచ్చాయి. ఎడమవైపు ఒకటే లివర్, అదే గేరు, అదే కిక్కు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కవుతుంది. బాబాయ్ చూపించినప్పుడు నేను నోరు తెరిచాను. మా వాళ్లకి చూపిస్తే ఇప్పటికీ తెరుస్తారు.

మొత్తం ఎంతయిందో అమ్మకి నేటికీ తెలీదు. ఈ వ్యాసం ఆవిడ చదవదని ధైర్యం.

పార్కింగులో మొదటిసారి స్టార్టయిన రోజు పొగకి రెండో ఫ్లోర్ ఆంటీ కిటికీలు మూసేసింది. నేను పైకి చూశాను. నాన్న బాల్కనీలో నిలబడి ఉన్నాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

వీకెండ్‌లో మట్టి దారుల్లో తిరిగే మా గ్యాంగ్‌లో ఒకడు నా బండి చూసి, దీని చుట్టాలు ఎండ్యూరో చాంపియన్లు రా అన్నాడు. వెతికి చదివాను, నిజమే. 1913 నుంచి ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్ అని ఒక పోటీ ఉంది. 1981 నుంచి దాన్నే ఎండ్యూరో అంటున్నారు. ఆరు రోజులు అడవుల్లో, బురదలో, వాగుల్లో టైముకి చెక్‌పోస్టులు చేరుకోవాలి. బండి పాడైతే రైడరే బాగుచేసుకోవాలి, వేరేవాడు చెయ్యి వెయ్యకూడదు. 1970 నుంచి 1974 వరకు వరసగా ఐదేళ్లు ఆ ట్రోఫీ చెకోస్లొవేకియాదే. ఆ దేశపు జావా కంపెనీ లైసెన్స్‌తోనే మైసూరులో ఐడియల్ జావా మొదలైంది. అదే 1973 నుంచి యెజ్డీ పేరు పెట్టుకుంది. 1996లో మూతపడింది. వాళ్లు పోటీల్లో నడిపినవి వేరే బండ్లు, మనకి వచ్చింది రోడ్డు బండి. అయినా నాకు గర్వంగా అనిపించింది. గూడేలకు టైముకి చేరాలి, బురదలో పడాలి, దారిలో పాడైతే మనమే బాగుచేసుకోవాలి. మా నాన్న చేసిందీ అదే కదా, నెల జీతానికి! ఇదంతా ఆయనకి చెప్పాను. విని, "ఊ" అన్నాడు.

పోయిన నవంబర్‌లో ముగ్గురం బయల్దేరాం. వాళ్లిద్దరివీ కొత్త అడ్వెంచర్ బైకులు. నర్సీపట్నం దాటాక చలి మొదలైంది. లంబసింగిలో టీ తాగి, చింతపల్లి దాటి ఒక మట్టి దారి పట్టాం. అక్కడ యెజ్డీ నన్ను ఆశ్చర్యపెట్టింది. బరువైన బండి, సస్పెన్షన్ అంతంత మాత్రం. కానీ ఎర్రమట్టిలో, గులకరాళ్ల మీద రెండో గేర్లో పెట్టి వదిలితే ట్రాక్టర్‌లా లాక్కుపోతుంది. ఒళ్లంతా దుమ్ము, హెల్మెట్ నిండా 2టీ ఆయిల్ వాసన. మధ్యలో ఒక గెడ్డ. చీలమండ లోతు నీళ్లు. రెండు పక్కలా నీళ్లు చిమ్ముకుంటూ దాటాను. మావాడు స్లోమోషన్‌లో వీడియో తీశాడు. సిగ్నల్ రాగానే ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. అక్క పది హార్ట్‌లు కొట్టింది. నాన్నవి ఉత్త నీలం టిక్కులు.

తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగుతున్నాం. పెట్రోల్ మిగుల్తుంది కదా అని యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, గేర్లోనే ఉంచి, మలుపు మీద మలుపు దిగాను. ఉన్నట్టుండి ఇంజన్ గొంతు పట్టేసినట్టయింది. మరుక్షణం వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకి జారింది. లోయ వైపు. ఏం చేశానో నాకే తెలీదు, ఎడమ చెయ్యి దానంతటదే క్లచ్ నొక్కింది. చక్రం వదిలింది. రోడ్డు అంచు రాళ్ల దగ్గర ఆగాను. వెనకాల వచ్చే లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. కాళ్లు వణుకుతున్నాయి.

బాబాయ్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. మావాళ్లిద్దరూ ముందెళ్లిపోయారు. ఇక తప్పక నాన్నకి చేశాను. బండి పట్టేసింది అన్నాను, అంతే.

"క్లచ్ పట్టుకున్నావా?"

ఎనిమిది నెలల్లో ఆ బండి గురించి ఆయన అన్న మొదటి మాట అది.

పట్టుకున్నానన్నాను. అవతల ఊపిరి వదిలిన చప్పుడు. తర్వాత గడగడా చెప్పుకుంటూ పోయాడు. "దిగేటప్పుడు యాక్సిలరేటర్ మొత్తం వదిలేశావు కదూ? పెట్రోల్ వెళ్లకపోతే ఆయిల్ ఎక్కడ్నుంచి వెళ్తుందిరా? కొత్త పిస్టన్ ఉబ్బి పట్టేసింది. అరగంట ముట్టుకోకు. నీళ్లు పొయ్యకు. చల్లారాక ప్లగ్గు ఊడదీసి ఒక చెంచాడు ఆయిల్ పొయ్యి. గేర్లో పెట్టి మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపు. కదిలితే కిక్కు కొట్టు. ట్యాంకులో ఇంకాస్త ఆయిల్ కలుపు. దిగేటప్పుడు క్లచ్ పట్టుకుని మధ్యమధ్యలో యాక్సిలరేటర్ ఇస్తూ ఉండు."

చెప్పినట్టే చేశాను. ముప్పావుగంటకి కదిలింది. ఆరో కిక్కుకి స్టార్టయింది.

ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు. అమ్మ పడుకుంది. నాన్న హాల్లో టీవీ మ్యూట్‌లో పెట్టి కూర్చున్నాడు. అన్నం పెట్టుకుని తింటుంటే అడిగాడు, "గెడ్డలో ఎందుకు దింపావు?" వీడియో గురించి.

"లోతు లేదు నాన్నా, సరదాకి."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. టీవీ వంక చూస్తూనే చెప్పాడు.

1989లో, వానల్లో, ఒక గూడెంలో ఏడేళ్ల పిల్లాడు. మూడు రోజులుగా జ్వరం, ఆ పొద్దున్నుంచి ఫిట్స్. మలేరియా తలకెక్కిందని నాన్నకి చూడగానే అర్థమైంది. పిల్లాణ్ని మధ్యలో, తల్లిని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. పొద్దున మోకాలి లోతు లేని గెడ్డ సాయంత్రానికి పొంగింది. నడిమధ్యలో ఇంజన్ మునిగి ఆగిపోయింది. ఇద్దరూ కలిసి ఒడ్డుకి తోశారు. ప్లగ్గు తుడిచాడు, పాయింట్లు తుడిచాడు. తుడవడానికి ఉన్న చొక్కా కూడా తడిసే ఉంది. కిక్కు కొడుతూనే ఉన్నాడు, గంట దాకా. ఆ తర్వాత పిల్లాణ్ని భుజాన వేసుకుని మెయిన్ రోడ్డు వైపు నడిచారు.

"జీపు దొరికేసరికి ఇంక జీపుతో పని లేకపోయింది" అన్నాడు.

తల్లి ఏమీ అనలేదట. పిల్లాణ్ని తీసుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచిందట. మర్నాడు పొద్దున నాన్న బండి కోసం వెళ్లాడు. ఆరిపోయి ఉంది. ఒక్క కిక్కుకే స్టార్టయింది.

"అదేరా నేను తట్టుకోలేకపోయింది. ఆ ఒక్క కిక్కు."

నెలలోపు అమ్మేశాడు. స్కూల్ ఫీజు అన్నది అమ్మకి చెప్పిన మాట.

అన్నం చేతిలోనే ఎండిపోయింది. ఎనిమిది నెలలు, నా బోనస్, నా గొప్ప సర్‌ప్రైజ్! దాన్ని కరెక్టుగా ఆయన కళ్ల ముందు, బాల్కనీ కింద, చప్పుడు చేసి మరీ పెట్టాను. రేపే అమ్మేస్తాను నాన్నా అన్నాను.

"బండి ఏం చేసింది?" అన్నాడు. "అంత నీళ్లలో ఏ బండైనా ఆగుతుంది. కాస్త పైకి నడిచి లోతు తక్కువ చోటు వెతకాల్సింది. తొందరలో వెతకలేదు. అది నా పని, బండి పని కాదు." లేచి టీవీ కట్టేసి పడుకోడానికి వెళ్లాడు.

బాబాయ్ మళ్లీ సిలిండర్ విప్పాడు. పిస్టన్ మీద గీతలు. ఎమరీ పేపర్‌తో మెల్లగా రుద్ది, నన్ను నాలుగు తిట్టి, బిగించి ఇచ్చాడు. బండి పార్కింగులో కవర్ కప్పి పెట్టాను. రెండు వారాలు స్టార్ట్ చెయ్యలేదు. అమ్మకానికి పెట్టాలని ఫొటోలు కూడా తీశాను, పోస్ట్ చెయ్యలేకపోయాను.

ఒక ఆదివారం పొద్దున్నే కిందికి వెళ్తే కవర్ తీసి ఉంది. నాన్న పీట వేసుకుని బండికి కుడిపక్క కూర్చుని ఉన్నాడు. పక్కన నా టూల్ బాక్స్, ఒక గ్రీజు డబ్బా, పాత సైకిల్ ట్యూబు ముక్క. పాయింట్ల కవర్ ఊడదీసి, అంచంతా గ్రీజు రాస్తున్నాడు.

"మీ మేస్త్రి ఇక్కడ గ్రీజు పెట్టలేదేంరా?" అన్నాడు. కవర్ బిగించాడు. ట్యూబు ముక్కని కత్తిరించి ప్లగ్ క్యాప్ మీదికి గట్టిగా తొడిగాడు. నన్ను స్పేర్ ప్లగ్గు ఉందా అని అడిగాడు. ఉందంటే, ఎక్కడ పెట్టుకుంటావు, ఆరిన గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో అన్నాడు. గుడ్డ వేరే కవర్లో అన్నాడు.

తర్వాత లేచాడు. మోకాలు నొప్పి, లేవడానికి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఎడమవైపు వచ్చి, కిందికి చూడకుండానే లివర్‌ని కాలితో లోపలికి నొక్కి పైకి తిప్పాడు. కిక్కు మీద పాదం పెట్టి ఒక్క క్షణం ఆగాడు. తీసేశాడు.

"నువ్వు కొట్టు" అన్నాడు.

రెండో కిక్కుకి అందుకుంది. నీలం పొగ గోడ దాకా వెళ్లింది. రెండో ఫ్లోర్ కిటికీలు టపటపా మూసుకున్నాయి. నాన్న తల పక్కకి వంచి కాసేపు విన్నాడు.

"టైమింగ్ కొంచెం ముందుంది. చూడమను" అని, చేతులు ట్యూబు ముక్కకి తుడుచుకుని, పాల ప్యాకెట్‌కి వెళ్లాడు.