చాంబర్‌లో మిగిలిన తూటా

జిల్లా సాయుధ పోలీసుల తుపాకులను భద్రపరిచి, లెక్క చూసి, మరమ్మతు చేసే ఆయుధాగారంలోకి బయటివారికి సాధారణంగా ప్రవేశం ఉండదు. తెలంగాణలోని అటువంటి ఒక కేంద్రాన్ని ఈ పత్రిక తరఫున సందర్శించినప్పుడు, తుపాకులను బాగుచేసే ఉద్యోగి, అంటే ఆర్మరర్, పనితీరే అన్నిటికన్నా గమనించదగినదిగా కనిపించింది. డ్యూటీ ముగించుకొని వచ్చిన యువ కానిస్టేబుల్ "ఖాళీనే అన్నా" అంటూ ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్‌ను అందించగా, "నువ్వు చెప్పినవని ఖాళీ అయితదా తమ్మీ, చూడాలె" అంటూ ఆయన గొట్టాన్ని ఇసుక బస్తాల వైపు తిప్పి పరీక్ష మొదలుపెట్టాడు.

ఆ చేతుల్లో తొందర లేదు, ఒక వరుస ఉంది. ముందుగా 20 తూటాలు పట్టే మ్యాగజైన్‌ను తీసి, తర్వాత ఎడమ పక్కనున్న కాకింగ్ హ్యాండిల్‌ను వెనక్కి లాగి, పేలడానికి ముందు తూటా కూర్చునే చాంబర్‌లో ఏమీ లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాడు. అంతసేపూ ఆయన వేలు ట్రిగ్గర్ దరిదాపులకు పోలేదు. ఈ వరుస తారుమారై, మ్యాగజైన్ ఉండగానే హ్యాండిల్ లాగి వదిలితే, చాంబర్‌లోని తూటా బయట పడినా, మ్యాగజైన్‌లోని పై తూటా దాని స్థానంలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి, తుపాకి ఖాళీ అయిందన్న నమ్మకంతో ట్రిగ్గర్ నొక్కితే, ఎదురుగా ఉన్న సహోద్యోగి ప్రాణం పోవచ్చు. సేఫ్టీ క్యాచ్ కూడా అరిగిపోగల ఒక ఇనుప భాగమే కనుక, దానిపైనే భారం వేయడం ప్రమాదకరం.

"గుళ్లు ఎన్ని తగిలినయో రాసుకుంటరు, తుపాకి ఎట్ల పట్టిండో ఎవరు రాస్తరు?" అన్న ఆయన ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనది. గురిని మార్కులతో కొలిచి, జాగ్రత్తను మాత్రం ఎవరి మనసుకు వారికే వదిలేసే పద్ధతి ఉన్నంతకాలం, తొలి శిక్షణలో నేర్చిన వరుస రోజువారీ అలసటలో చెదిరిపోతూనే ఉంటుంది. పౌరుల విషయంలో 2016 నాటి ఆయుధ నియమాలు లైసెన్సుదారులకు భద్రతా శిక్షణను నిర్దేశించాయి. వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపినవారికి రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించేలా 2019 సవరణ ఆయుధ చట్టాన్ని కఠినం చేసింది. అయితే శిక్ష ప్రమాదం తర్వాత వచ్చేది, అలవాటు ప్రమాదానికి ముందే ఉండవలసినది.

అందువల్ల ప్రతి గార్డు మార్పిడిలోనూ తుపాకిని ఇసుక బస్తాలకు ఎదురుగానే ఖాళీ చేయించి, చాంబర్‌ను రెండో వ్యక్తి చూసి సంతకం చేసే నియమాన్ని అధికారులు తప్పనిసరి చేయాలి. ఇళ్లలో తుపాకిని, తూటాలను వేర్వేరు తాళాల్లో ఉంచాలి. స్వయంగా చాంబర్ చూసేదాకా, చేతికొచ్చిన ప్రతి తుపాకిలోనూ తూటా ఉన్నట్టే లెక్క.