పుట్టి మునిగినంక

మా ఇండ్లల్ల ఒక్క మనిషే మాట్లాడినా 'హమ్' అనే అంటరు. 'హమ్ ఆరే', 'హమ్‌కు మాలూమ్ నై' – అంతా ఒక్కని మాటే. తెలుగుల రాయబట్టి ఇన్నేండ్లైనా మాకు 'నేను' తొందరగ కలంల నుంచి దిగదు. గర్వం కాదు, అలవాటు.

అమెరికాల చదువుకుంటున్న మా భాంజా పోయిన ఎండకాలం ఒక వీడియో పంపిండు. కొండల మీదికెల్లి నిటారుగ దిగే ఏరు. నీళ్లు కనపడవు, అంతా నురగే. ఒక మనిషి నడుము దాక సన్నటి పడవల ఇరుక్కొని, రెండు కొసలకూ రెక్కలున్న తెడ్డుతోని రాళ్ల నడుమ జారుకుంట వచ్చి జలపాతం అంచు మీదికెల్లి దుంకిండు. పడవ బోర్లపడ్డది. మేము ఊపిరి బిగబట్టినం. నీళ్ల కిందనే తెడ్డు తిప్పి, నడుముతోని ఒక్క విసురు విసిరి మల్ల పైకి లేసిండు, నవ్వుకుంట. 'కయాకింగ్, మామూ' అని రాసిండు పోరడు. ఏరు ఎంత గడుసుదో మైలుకు ఎన్ని అడుగులు దిగుతదన్న లెక్కతోని చెప్తరట. 2009ల ఒకాయన పలూస్ జలపాతం మీదికెల్లి 180 అడుగులకు పైనే దుంకి బతికిండట.

ఆ లెక్కల మా కృష్ణ ఏం తక్కువ తినలే. రాయచూరుకు ఎగువన జలదుర్గం కాడ మూడు మైళ్లల్ల 408 అడుగులు దిగుతదని పాత గెజిటీర్లల్ల ఉన్నది. ఆ దుంకిన నీళ్లే మా కొల్లాపూర్ పక్కకెల్లి, సోమశిల కాడికెల్లి నల్లమలల జొరబడుతయి. అయితే ఏట్ల దుంకుడు మాకు ఆట కాదు. మాకు కావల్సింది అవతలి గట్టు.

దానికి పుట్టి ఉండేది. వెదురుబద్దల గుండ్రటి బుట్ట, మీద తోలు. తర్వాత తోలు పోయి టార్పాలిన్, తారు వచ్చినయి. 1520ల ప్రాంతంల విజయనగరం చూసిన పోర్చుగీసాయన డొమింగో పేయస్ అక్కడి ఏటి మీద ఇసువంటి తోలు పుట్టిలనే చూసి, ఇవి తిన్నగ పోవు, తిరుక్కుంటనే పోతయని రాసిపెట్టిండు. కయాక్ గూడ మొదట్ల తోలు పడవే, మంచుదేశాల వేటగాళ్లు సీల్ తోలుతోని చేసుకున్నది. తోలు ఒలిచెటోన్ని, ఊనెటోన్ని ఊరి అంచుకు నెట్టినోళ్లు అదే తోలు మీద కూసుండి తీర్థాలకు పోయిన్రు.

పుట్టిల కులం, మతం లేకుండె అని మేము అనం. కాని బరువు ఒక్కదిక్కైతే మునుగుతది గనుక, నడిపెటాయన మాట ముందట ఎవల పెద్దరికం నడవకపోయేదట. 'పటేలా, జర ఇటు జరుగు. సాయిబూ, నువ్వు నడిమిట్ల కూసో.' మా అబ్బా ఈ మాట అచ్చం ఆయన గొంతుతోనే అనిపిచ్చేటోడు. పారే ఏట్ల పుట్టి ఎక్కిన రేవుకు ఎదురుంగ దిగదు, వడి కిందికి గుంజుకపోతది. దిగినంక పుట్టిని నెత్తి మీద బోర్లిచ్చుకొని గట్టు పొంటి పైకి నడిచి, అక్కడికెల్లి వదిలితేనే ఇవతలి రేవు చిక్కుతది. ఇవన్నీ మేము విన్నయే. మేము పెరిగేటాల్లకు ఆ ఏరు లేదు.

1981ల శ్రీశైలం ప్రాజెక్టు కోసమని పాలమూరు, కర్నూలు జిల్లాలల్ల దాదాపు నూరు పల్లెలను లేపిన్రు. అప్పుడు మేము చంకల పిల్లలం. వడి పోయింది, సుడులు పోయినయి. సోమశిల గుళ్లను, జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని రాళ్లు విప్పి మిట్టకు తెచ్చి మల్ల కట్టిన్రు. మంచిపని. ఆ రాళ్లు మాయి గూడ. మా దాదీమా ఖబర్ మట్టిది. మట్టికి నెంబర్ ఎవలేస్తరు? పక్కా ఖబర్ కట్టుడు మన దీన్‌ల లేదు గద, మట్టి మట్టిల కలవాలె అనేటోడు అబ్బా. జరసేపు ఊకుండి, 'నీళ్లల్ల కలుస్తదనుకోలే' అనేటోడు.

నిలబడ్డ నీళ్లు మెత్తగ కనపడతయి. 2007 జనవరిల మంచాలకట్ట కాడ పడవ మునిగి అరవై మంది దాక పోయిన్రు. అప్పుడు మేము పత్రికల కొత్త. గట్టు మీద నిలబడి పేర్లు రాసుకున్నం. రాత్రి డెస్కు మీదికెల్లి ఒకాయన ఫోన్ల అడిగిండు, 'మీవోళ్లు ఎంతమంది?' అని. మా మండలపోళ్లని అడుగుతున్నడనుకొని ఊర్ల లెక్క చదువబోయినం. 'అది కాదు భాయ్. మీవోళ్లు.'

అర్థమయ్యేటందుకు జర టైం పట్టింది. అందరూ మావోళ్లే అని ఫోన్ పెట్టెయ్యాల్సింది. పెట్టలే. నౌకరీ కొత్త. కాగితం దీపం కాడికి జరిపి, ఒక్కొక్క పేరు పక్కన పెన్నుతోని చుక్క పెట్టుకుంట లెక్కబెట్టి చెప్పినం. ఎంత చెప్పినమో ఇక్కడ రాయం. ఆ చుక్కలే ఇప్పటికీ యాదికొస్తయి.

బోర్లపడ్డ పడవను లేపుడు ఎట్ల నేర్చుకుంటరు అని భాంజాను అడిగినం. మొదలు నిలువనీళ్లల్లనే నేర్పుతరట, మునిగి లేసుడు, మునిగి లేసుడు. పుట్టికి ఆ ఇల్మ్ లేదు. అది మునిగిందంటే మునిగిందే. తెలుగుల ఆ సామెత ఊకె పుట్టలే.

సోమశిల, సిద్ధేశ్వరం నడుమ తీగల వంతెన కడతమని 2022 అక్టోబర్ల ఢిల్లీల ప్రకటించిన్రు, వెయ్యి కోట్లకు పైన ఖర్చని. ఆ ఖబర్ అబ్బాకు చదివి వినిపిచ్చినం. 'మీదికెల్లి మన ఊరు కనపడతదా?' అని అడిగిండు.

ఎండకాలం నీళ్లు తగ్గితే అవతల సంగమేశ్వరం గుడి బయటపడుతది. ఇవతల మొండిగోడలు తేల్తయి. ఒక ఏడు అబ్బాను తీసుకపోయినం. పగిలిన ఒండ్రు, ఎండిన గుల్లలు. ఒక చెట్టు మొద్దు ఆనవాలు పట్టి 'ఇటు' అన్నడు, మల్ల 'అటు' అన్నడు. చివరికి ఉన్నచోటనే నిలబడి చేతులెత్తి ఫాతెహా చదివిండు. వల ఎండేసుకుంటున్న ఒకామె అయిపోయేదాక సూసి, 'సాయిబూ, మీది గూడ ఈ ఊరేనా?' అని అడిగింది.

'ఔ తల్లీ.'

'మాది అగో, ఆ గోడ' అని చెయ్యి చాపింది.