టాన్సిళ్ల శస్త్రచికిత్స: లంఖణము, పోషణము

లంఖణము పరమౌషధమని పెద్దల మాట. టాన్సిళ్లు తీయించుకొను బిడ్డల విషయమున మాత్రము ఆ మాట శస్త్రమునకు ముందు చెల్లునుగాని పిమ్మట చెల్లదని సోదరీమణులకు మనవిచేయుచున్నాము.

ముందు ఉపవాసమెందులకు? మత్తులో నున్న బిడ్డ దగ్గలేడు. కడుపులోని యాహారము పైకివచ్చి ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును. కావున సామాన్యముగా అన్నమును 6 గంటలు, మంచినీటిని 2 గంటలు ముందుగా మాన్పింతురు. ఏడ్చుచున్నాడని బిస్కత్తు చేతికీయరాదు. మత్తును మాస్కుతో పీల్పించుటయు, సూదితో నరమున కెక్కించుటయు గలదు. సూదికి బెదరు పసివారికి మొదటిది సులువు. గుఱక, ఉబ్బసము, కదలు పండ్లు ఉన్నచో మత్తువైద్యునకు ముందే చెప్పవలయును.

మా కుమారునకు ఎనిమిదవయేట ఈ చికిత్స జరిగెను. నాలుగవనాడు వాడు ఉమ్మి మ్రింగుటకును కన్నీరు పెట్టెను. గొంతునకు విశ్రాంతి నిమ్మని, లంఖణము మేలని మా యత్తగారనిరి. నొప్పి వారము పదిదినము లుండుట, నడుమ హెచ్చుట సహజమే. కాని త్రాగనిచో గొంతెండి మఱింత నొచ్చును. నొచ్చినకొలది బిడ్డ త్రాగడు. కావున వైద్యుడు తూకమునుబట్టి వ్రాసిన పారసెటమాలును, ఏడ్చువఱకు ఆగక, గడియారము చూచి యిచ్చితిమి. రాత్రియు లేపి యిచ్చితిమి. అరగంటకు పులియని మజ్జిగ, మెత్తని పెరుగన్నము పెట్టితిమి. వాడు తినెను. మఱునాటినుండి మందువేళను జ్ఞాపకముచేసినవారు మా యత్తగారే!

ఇంటనున్న పెద్దల మందులు బిడ్డకు పోయరాదు. కోడీను కొందఱి దేహములలో త్వరత్వరగా మార్ఫీనుగా మారి ఊపిరిని మందగింపజేయును. అట్లు బిడ్డలు మరణించుటచే అమెరికా ఆహారౌషధశాఖ 2013లో ఈ చికిత్స పిమ్మట బిడ్డలకు కోడీను కూడదని తీవ్రముగా హెచ్చరించెను. 2017లో 18 ఏండ్లలోపువారికి ఈ చికిత్స పిమ్మట ట్రమడాలును కూడదనెను. ఆస్పిరినును వైద్యుడు చెప్పక ఈయరాదు.

గొంతున తెల్లని పొర కానవచ్చిన భయము లేదు. ఎఱ్ఱని నెత్తురు ఉమ్మినను, నిద్రలో మాటిమాటికి గుటకలు వేసినను, అర్ధరాత్రియైనను ఆసుపత్రికి గొనిపోవలయును. మూత్రము తగ్గినను వైద్యునకు తెలుపవలయును.

ఓర్చుకొనుట బిడ్డకు నేర్పదగిన గుణమే; దానికి వేఱు సమయములు గలవు.