దుబాయ్ నుంచి ఏం తెచ్చినవ్?

దుబాయ్ పోయి వచ్చినోళ్ళని మన గల్లీలో ముందుగా "బాగున్నవా" అని అడగరు. "ఏం తెచ్చినవ్?" అని అడుగుతారు. నన్నూ అట్లే అడిగారు. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

మా పెద్దోడు దుబాయ్ పోయి ఆరేళ్ళయింది. 2025 జనవరిలో టికెట్ పంపి, "అమ్మా, ఒక్కసారి వచ్చి చూసిపో" అన్నాడు. పన్నెండు రోజులు ఉన్నాను. నేను బయలుదేరుతున్నానని తెలిసిన నాటి నుంచి మా కుంభారి ఘర్కుల్‌లో ఒక చిట్టీ తయారైంది. ఒకరికి సెంటు, ఒకరికి శాలువా, ఒకరికి కుంకుమ పువ్వు, ఒకరికి "చిన్నదే వదినా, బంగారు ముక్కుపుడక, పైసలు తర్వాత ఇస్తా". బీడీల లెక్క రాసే కాగితం వెనక రాసుకుంటే 23 పేర్లయినయి. ఏమీ అడగనిది మా తోడికోడలు ఒక్కతే. నేను లేని ఆ పన్నెండు రోజులు నా వంతు బీడీలు కూడా చుట్టి అప్పజెప్పిన మనిషి ఆమె.

వాడికి సుట్టీ దొరికిన ఒక్క ఆదివారం నన్ను బజారుకు తీసుకుపోయాడు. మెట్రోలో కూర్చోగానే నా చేతిలో ఒక కవరు పెట్టాడు. అందులో 1,000 దిర్హమ్‌లు. అప్పుడు దిర్హమ్‌కు 23 రూపాయల పైనే ఉంది. "చిట్టీలో ఎవరినీ వదలకు. మనం ఎవరికీ తక్కువ గాదు" అన్నాడు. నాకు సంతోషమే అయింది, అబద్ధమెందుకు.

ముందు బర్ దుబాయ్ బట్టల బజారు. పైన చెక్క కప్పు, రెండు పక్కలా దుకాణాలు. "మేడమ్, పష్మీనా! ఒరిజినల్!" అని మెడలో వేసేస్తారు. ఒక శాలువా 120 అన్నారు. నేను షోలాపూర్ దాన్ని. మంగళవార్ బజారులో ముప్పై ఏళ్ళు బేరమాడిన నోరు ఊరుకుంటుందా? లేచి నడిచేసరికి 60, మలుపు దాటేసరికి 25. అంత దిగిందంటేనే అనుమానం వచ్చింది. పైగా నేను మగ్గం నడిపిన మనిషి పెళ్ళాన్ని. అంచు కుచ్చులోంచి ఊడిన ఒక పోగు అడిగి తీసుకుని, దుకాణానికి దూరంగా నీళ్ళ ఒడ్డుకు పోయి అగ్గిపుల్ల గీసి అంటించాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోవాలి. ఇది కరిగి నల్లటి గట్టి పూస అయింది. పాలిస్టర్. మా వాడు సిగ్గుతో అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ దుకాణంలో పనిచేసే పిల్లగాడు మా వెనకే వచ్చి, "అమ్మా, మీది ఏ ఊరు?" అన్నాడు. తెలుగు విని ప్రాణం లేచొచ్చింది. "మాది షోలాపూర్ బిడ్డా, మా తాతలది సిరిసిల్ల" అన్నాను. వాడిది జగిత్యాల దగ్గర పల్లె. "కొనకుర్రి అమ్మా. నేను చెప్పిన్నని మా సేటుకు తెల్వద్దు" అని వెనక్కి పోయాడు. వాడు తిన్నాడో లేదో అడగలేదే అని తర్వాత బాధపడ్డాను.

అక్కడి నుంచి అబ్రా ఎక్కి క్రీక్ దాటాం. అబ్రా అంటే చెక్క పడవ. మనిషికి ఒక్క దిర్హమ్. నడుమ బల్ల మీద అటూ ఇటూ వీపులు ఆనించి కూర్చోవాలి. నిమిషాల్లో అవతలి ఒడ్డు, దేరా. ఒడ్డు దిగితే మసాలాల బజారు. బస్తాల్లో ఎండు గులాబీ మొగ్గలు, నల్లగా ఎండిన నిమ్మకాయలు, ఏలకులు, లోబాన్. కుంకుమ పువ్వు గ్రాముల లెక్కన అమ్ముతున్నారు. గిన్నెలో కాసిని నీళ్ళు తెమ్మని రెండు పోగులు వేయించాను. మంచి పువ్వు మెల్లగా పసుపు రంగు విడుస్తుంది, పోగు ఎర్రగానే ఉంటుంది. వేసిన వెంటనే నీళ్ళు ఎర్రబడితే రంగు పూసినట్టే. ఇక్కడిది మంచిదే. కానీ చిట్టీలో అడిగినంత కొంటే కవరు సగం ఖాళీ. 20 దిర్హమ్‌ల లోబాన్ కొని బయటపడ్డాను.

తర్వాత బంగారు బజారు. ఒక దుకాణం అద్దంలో దాదాపు 64 కిలోల ఉంగరం పెట్టారు, ప్రపంచంలో అంత పెద్దది లేదట. జనం దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. మా వాడు నన్ను పక్క దుకాణంలోకి లాగి, "చెల్లెకు కమ్మలు చూడు" అన్నాడు. వద్దన్నాను. గల్లీలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సుంకం లేకుండా నగలు తెచ్చుకునే సౌలత్ ఏడాదికి పైగా బయట ఉండి వచ్చేవాళ్ళకే. నాలాగా పది రోజులు చూసి వచ్చేవాళ్ళకు కాదు. "ముక్కుపుడక ఒక్కటి తే" అని ఎవరినైనా అడిగే ముందు ఇది గుర్తుంచుకోవాలె.

కాళ్ళు నొప్పి పుట్టి ఒక చాయ్ దుకాణం దగ్గర కూర్చున్నాం. కరక్ చాయ్ అంటారు, చిక్కగా, తియ్యగా ఉంటుంది. అంతలో మా వాడి తోటి పనివాడు ఒకడు ఎదురొచ్చి నాకు దండం పెట్టాడు. వాడు నవ్వుతూ, "మొత్తానికి సుట్టీ దొరికిందన్నా నీకు! అమ్మ షాపింగ్ కోసం రెండు నెలల సంది డబల్ డ్యూటీ కొడుతుండె" అన్నాడు.

మా వాడు వాడి వైపు చూసిన చూపు నేను చూశాను. వాడు చాయ్ తాగకుండానే పోయాడు. నేనేమీ అడగలేదు. కానీ సంచిలో కవరు ఒక్కసారిగా బరువైంది.

చివరికి నాయిఫ్ వైపు, అన్నీ అగ్గువకు దొరికే ఒక పెద్ద దుకాణంలోకి పోయాం. అక్కడ టవళ్ళ గుట్ట. చెయ్యి దానంతట అదే పోయింది. తిరగేసి అంచు చూశాను. మేడ్ ఇన్ ఇండియా అని చీటీ. షోలాపూర్‌దో మరొకదో రాయలేదు. మా వాడు కూడా ఒకటి తీసుకుని, రెండు వేళ్ళతో పోగు లాగి చూసి, "ఇది ఇరవై ఉతుకులకే పోగులు లేస్తది" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

"రోజూ నేను ఉతికేవి ఇవే గదమ్మా."

ఆరేళ్ళుగా నేను గల్లీలో చెప్పింది ఏమిటంటే, మా వాడు పెద్ద హోటల్లో సూపర్‌వైజర్ అని. వాడు ఎన్నడూ అట్లా చెప్పలేదు. "హోటల్లో" అన్నాడంతే. మిగతాది నేను కలిపాను. వాడిది లాండ్రీ. వాళ్ళ నాయన ముప్పై ఏళ్ళు టవళ్ళు నేశాడు, వాడు టవళ్ళు ఉతుకుతున్నాడు.

అక్కడే, ఆ గుట్ట దగ్గరే కవరు తీసి వాడి చేతిలో పెట్టాను. "కొన్నంత చాలు. మిగతాది నీ చీటీకి కట్టుకో" అన్నాను.

వాడికి కోపమొచ్చింది. "వట్టి చేతులతో పోతే నా ఇజ్జత్ ఏంగాను? ఆరేళ్ళలో వీడు చేసింది ఇదేనా అనరా?" అన్నాడు. గొంతు వణికింది. అప్పుడు అర్థమైంది. చిట్టీ నాది కాదు, వాడిది. ఆ 23 మంది ముందు వాడు గట్టిగా నిలబడాలి. అందుకే నిద్ర మానుకున్నాడు. వాడిది తప్పు అనలేను. అట్లని వాడి నిద్ర తెచ్చి గల్లీలో పంచనూ లేను.

ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత వాడే, "గల్లీ అందరికీ అందేది ఏదన్నా తీసుకో" అన్నాడు. కిలో 12 చొప్పున 10 కిలోల ఖర్జూరం తీసుకున్నాం. నడుములు, మెడలు నొచ్చే మన బీడీ ఆడవాళ్ళ కోసం ఒక డజను యాక్స్ ఆయిల్ చిన్న సీసాలు, 60 దిర్హమ్‌లు. మా ఆయనకు 15 పెట్టి ఒక టవల్. తోడికోడలికి 45 పెట్టి ఒక మంచి కత్తెర. ఆమె తునికాకు కోసే పాత కత్తెరకు తుప్పు పట్టి బొటనవేలు కాయ కాసింది. కత్తెరను విమానంలో చేతి సంచిలో రానివ్వరు, పెద్ద పెట్టెలో బట్టల నడుమ పెట్టాను. లోబాన్, చాయ్, పడవ అన్నీ కలిపినా 270 దాటలేదు. మిగతాది వాడి జేబులో పెట్టి జేబు మీద చెయ్యి వేసి పట్టుకున్నాను, తియ్యనియ్యకుండా.

ఇంటికొచ్చాక ఖర్జూరం దోసిళ్ళతో పంచాను. కొందరు సంతోషంగా తీసుకున్నారు, కొందరి ముఖాలు మాడినయి. "ఇంత దుబాయ్ పోయి ఖర్జూరమా? నీ కొడుకు సూపర్‌వైజర్ గదా" అని ఒకామె అననే అంది. ఆ మాట అన్నందుకు ఆమెకు దండం పెట్టాలె. "కాదక్కా, లాండ్రీల టవళ్ళు ఉతుకుతడు. మంచిగ ఉతుకుతడు" అన్నాను. అంతే. ఆకాశం కూలలేదు. ఆ రాత్రి ఫోన్‌లో వాడికి చెబితే కొంచెంసేపు పలకలేదు. తర్వాత "మంచిదమ్మా" అన్నాడు.

మా ఆయన టవల్‌ను వెలుతురుకు పట్టి చూశాడు. "మూడు పిక్కుల టెర్రీనే. నూలు మంచిదే గానీ, దెబ్బ సరిగా పడలే. వాడన్నది నిజం, పోగులు లేస్తయి" అన్నాడు. తండ్రీ కొడుకులు ఒక్క మాట మీదికి రావడం చాలా ఏళ్ళకు చూశాను.

మనలో చాలా ఇళ్ళ పిల్లలు దూరంలో పనిచేస్తున్నారు. చిట్టీ రాసే ముందు ఒక్కసారి, అది ఎవరి ఎన్ని రాత్రుల డ్యూటీనో లెక్క కట్టండి. వాళ్ళు చేసే పనిని వాళ్ళు చెప్పినట్టే చెప్పండి, మనం పెంచొద్దు.

మా తోడికోడలు ఆ కత్తెరతోనే ఆకు కోస్తున్నది. "ఏం తెచ్చినవ్?" అని ఆమె ఇప్పటికీ అడగలేదు.